మంచుకొండ మీద చెయ్యి కడగని చుట్టాలు

జపాన్ వెళ్ళొచ్చామని తెలిశాక గరివిడిలో మా వీధివాళ్ళంతా వరసగా వచ్చి అడిగినవి రెండే ప్రశ్నలు. బుల్లెట్ రైలెక్కారా, పచ్చి చేపలు తిన్నారా అని. రైలెక్కాం. చేపల సంగతి అడక్కండి, మేం దిగిన ఇంట్లో పచ్చివీ తినలేదు, వండినవీ తినలేదు. ఎందుకు తినలేదో చెప్పాలంటే మా అన్నయ్య గురించి చెప్పాలి. అన్నయ్య గురించి చెప్పాలంటే మంచు మీద జారుడు గురించి చెప్పాలి. అందుకే ఇంత రాయాల్సి వచ్చింది. వెళ్ళనివాళ్ళు తీరిగ్గా చదువుకోండి. వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు మోకాళ్ళు డాక్టరుకి చూపించుకుని చదవండి.

ఒక షరతు మీద ప్రయాణం

మా అమ్మాయి సుధ విజయనగరంలో నర్సింగు చదివి, జపాను భాష నేర్చుకుని, ఆ దేశపు ఉత్తరాది కొండల్లో ఓ చిన్న ఊళ్ళో ముసలివాళ్ళని చూసుకునే ఆశ్రమంలో ఉద్యోగం చేస్తోంది. కిందటి దసరాకి ఫోను చేసి, "అమ్మా, కెంటా అని ఒకబ్బాయి..." అని ఆగిపోయింది. ఏళ్ళ తరబడి బడిలో పిల్లల చేత ఖాళీలు పూరింపించినదాన్ని కనక మిగతాది నేనే పూరించుకున్నాను.

ఆ కెంటా శీతాకాలమంతా మంచు మీద జారడం నేర్పుతాడట. స్కీయింగ్ అంటారు. తండ్రి లేడు. తల్లి మిచికో ఇంట్లోనే నాలుగు గదులు వచ్చేపోయేవాళ్ళకి అద్దెకిస్తుంది. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టుల మనిషి, సెలవు దొరకలేదు. "మీ అన్న సూసొస్తే నాను సూసినట్టే" అని చేతులు దులిపేసుకున్నాడు. మా ఇళ్ళల్లో ఆడపిల్ల సంబంధం మేనమామ చూడందే కుదరదు. అలా పాతపట్నం దగ్గర పల్లెలో వరి పండించుకునే మా సింహాచలం అన్నయ్య ఈ వయసులో పాస్‌పోర్టు తీయించుకున్నాడు.

తీయించుకుని ఓ షరతు పెట్టాడు. "సంబంధం సూడ్డానికెల్తన్నాం. మాట ఖాయమయ్యేదాకా ఆళ్ళింట్లో సెయ్యి కడగకూడదు. పడుకోవచ్చు, మంచినీళ్ళు తాగొచ్చు, అంతే. మన పెద్దోళ్ళు ఎలగ సేసేరో మనమూ అలగే."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పిల్లనిచ్చేవాళ్ళు అబ్బాయి ఇంట్లో భోంచేసి చెయ్యి కడిగారంటే సంబంధానికి ఒప్పుకున్నట్టే లెక్క. ఇక వెనక్కి తగ్గడానికి ఉండదు.

నిజం చెప్పాలంటే ఆ షరతు నాకు హాయిగా అనిపించింది. ఉన్న ఒక్క పిల్ల అంత దూరాన ఉండిపోవడం నాకిష్టం లేదు. ఆ మాట నేనంటే పిల్ల దగ్గర చెడ్డదాన్నవుతాను. అన్నయ్య అంటే పెద్దరికం అవుతుంది. ఎలాగూ ఆయన భూమి లేనివాడికి పిల్లనివ్వనంటాడు. ఆయన కాదంటాడు, నేను కళ్ళు తుడుచుకుంటాను, పిల్ల ఉద్యోగం మానేసి వెనక్కొచ్చేస్తుంది. ఇదీ నా పథకం. కాబట్టి జంతికలూ చిమ్మిలుండలూ పలాస జీడిపప్పూ ఓ పెద్ద సంచి నిండా కూరి, ఉపవాసానికి సిద్ధపడే విమానం ఎక్కాను.

మంచు గోడల మధ్య బస్సు

టోక్యో నుంచి పెద్ద రైలు, తర్వాత చిన్న రైలు, ఆ తర్వాత బస్సు. రోడ్డుకి రెండువైపులా మంచుని గోడల్లా నిలువుగా కోసి పెట్టారు. బస్సు కంటే ఎత్తు. అన్నయ్య మంకీ టోపీ లోంచి రెండు కళ్ళు మాత్రం బయటపెట్టి చూస్తూ, "ఇంత నీరు ఊరికే గడ్డకట్టేసి కూకున్నాదే. మా కాలవకి మల్లిస్తే మూడు పంటలు పండును" అని ఊరంతా తనదే అయినట్టు బాధపడ్డాడు.

మా వెనక సీటులో ఎనభై దాటిన ఒకావిడ కూర్చుంది. చేతిలో స్కీ కర్రలు. ఊతకర్రలేమో అనుకున్నాను. కాదట, వారానికి రెండుసార్లు బస్సెక్కి జారడానికి వస్తుందట. మమ్మల్ని చూసి ముచ్చటపడి సంచిలోంచి రెండు కమలాపళ్ళు తీసి ఇచ్చింది. అన్నయ్య చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఒలే సుధా, ఈవిడ ఆళ్ళకి సుట్టమేమో అడుగు."

"కాదు మావయ్యా."

"దూరపు సుట్టం?"

సుధ ఆవిణ్ణి ఏం అడిగిందో గానీ ఆవిడ పడీ పడీ నవ్వింది. చుట్టరికం లేదని తేలాకే అన్నయ్య పండు వలుచుకున్నాడు. బాగా తియ్యగా ఉంది.

పేరున్న స్కీ ఊళ్ళు వేరే ఉన్నాయట. అక్కడికి ప్రపంచమంతా వస్తుందట. ఈ ఊరికి మాత్రం చుట్టుపక్కల ముసలివాళ్ళూ, బడిపిల్లలూ, ఇదిగో ఇప్పుడు మేమూ. ఒక కొండ, దానిమీదికి తాడుకి వేలాడుతూ వెళ్ళే కుర్చీల వరసలు రెండు, కింద ఒక క్యాంటీను, స్తంభానికి కట్టిన మైకులో పాత పాటలు. ఆ పాటలు వింటుంటే మా ఊళ్ళో అమ్మవారి సంబరాలకి మైకు కట్టినట్టే ఉంది.

గిన్నెలే గిన్నెలు

మిచికో గారు సన్నగా, చురుగ్గా, నా ఈడు మనిషి. మేం గుమ్మంలో అడుగుపెట్టేసరికి బల్ల మీద చోటు లేకుండా గిన్నెలు పేర్చింది. ఒక్కో గిన్నెలో పిడికెడు. కాల్చిన చేప, పులుసు, పొగ పట్టించిన ముల్లంగి ఊరగాయ, ఆవిర్లు కక్కుతున్న అన్నం. ప్రయాణపు బడలికలో ఉన్న నా ప్రాణం లేచి వచ్చింది. అన్నయ్య చేతులు జోడించి, "సాలా సంతోషం" అని గదిలోకి నడిచాడు. ఆయన వెనకాలే నేనూ.

గదిలో తలుపేసుకుని జంతికలు తిన్నాం. చప్పుడు రాకుండా జంతిక నమలడం ఎంత కష్టమో ఆ రాత్రే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే గిన్నెలు మారాయి. చేప వెళ్ళిపోయి గుడ్డు వచ్చింది. దానికీ మేం చేతులు జోడించాం. సాయంత్రానికి గుడ్డు కూడా పోయి జావ వచ్చింది, పక్కన జ్వరం చూసే మిషనూ వచ్చింది. పాపం ఆవిడ మాకు ఒంట్లో బాగోలేదనుకుంది. ఆ మిషను నా నుదుటికి గురిపెట్టి, జ్వరం లేదని తేలాక ఇంకా దిగులుపడింది.

సుధ నన్ను వంటింటి పక్కకి లాగింది. "ఏటమ్మా ఇది? ఆవిడకి ఏమని సెప్పను?"

"వ్రతమని చెప్పు."

"క్యాంటీనులో కోడిగుడ్డు తిన్న వ్రతమేటమ్మా?"

అవును, క్యాంటీను సంగతి చెప్పలేదు కదూ. పగలు అక్కడే తినేవాళ్ళం. అన్నయ్య బాగా ఆలోచించే అనుమతిచ్చాడు. అక్కడ మిషనులో డబ్బులేసి బొత్తాం నొక్కితే టిక్కెట్టు వస్తుంది, టిక్కెట్టు ఇస్తే కోడిమాంసం వండి అన్నం మీద పోసి, పైన ఓ గుడ్డు వేసి ఇస్తారు. మన డబ్బుల్లో ఐదు వందలు. "అయిదొందలకి మనూళ్ళో కోడే వస్తాది" అని గొణుగుతూనే గిన్నె నాకేసేవాడు. షరతు తప్పినట్టు కాదా అంటే, "మిషనుకి డబ్బులిచ్చేం. మిషను మనకేటి సుట్టమా?" అన్నాడు. ఇంత న్యాయం తెలిసినవాడు కోర్టులో ఉండాల్సింది, మడిలో ఉండిపోయాడు.

నాగలి నాకు నేర్పుతాడా

ఇక అసలు విషయం. అన్నయ్య స్కీయింగ్ నేర్చుకుంటానన్నాడు. ఈ వయసులో ఇదేమిటన్నాను.

"సంబంధం సూడ్డమంటే ఇల్లు సూసి, గోడలు సూసి రావడమేటే? మనిషి కోపం సూడాల. కోపం తెలియాలంటే ఆడి దగ్గిర పని నేర్సుకోవాల. నానేటీ మొద్దుని కాదు, కానీ మొద్దులాగ ఉంటాను. గుంటడు ఎప్పుడు ఇసుక్కుంటాడో సూద్దాం."

అద్దెకి నారింజ రంగు సూటు ఇచ్చారు. దాని మీద మెడచుట్టూ ఎప్పుడూ ఉండే తువ్వాలు వేసుకున్నాడు. బూట్లు వేసుకున్నాక మాత్రం రెండడుగులు నడిచి ఆగిపోయి, "కాళ్ళకి రోళ్ళు కట్టేరే" అన్నాడు.

కెంటా పొడుగ్గా, నెమ్మదిగా ఉండే కుర్రాడు. మాట తక్కువ. అన్నయ్య ఎదురుగా వెనక్కి జారుతూ, స్కీల మొనలు దగ్గరగా, మడమలు దూరంగా పెట్టమని చూపించాడు. అలా పెడితే వేగం తగ్గుతుంది. సుధ పక్కనుంచి చెబుతోంది. "దీన్ని నాగలి పద్ధతి అంటారు మావయ్యా."

"నాగలా? నాగలి నాకు నేర్పుతాడేటి?"

దమ్ము చేసిన మడిలో ఎడ్ల వెనక పలక మీద నిలబడి నేల చదును చేస్తారు. ట్రాక్టర్లు రాకముందు ఆ పనిలో అన్నయ్యని మించినవాడు వాళ్ళ పల్లెలో లేడు. ఆ ధీమాతో స్కీల మీద నిలబడ్డాడు. నిజంగానే పడలేదు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే, పలక మీద పగ్గాలు పట్టుకుని వెనక్కి వాలాలి, స్కీ మీద ముందుకి వంగాలి. అన్నయ్య రెండు కర్రల్నీ పగ్గాల్లా పట్టుకుని వెనక్కి వాలాడు. అంతే, కొండ దిగడం మొదలైంది. "ఓహో... ఓహో..." అని ఎడ్లని ఆపినట్టు అరుస్తూ, వరసగా వెళుతున్న బడిపిల్లల పక్కనుంచి దూసుకుపోయి, చివర్న మంచు కుప్పలో నడుందాకా కూరుకుపోయాడు. పిల్లలు మర్యాదగా చప్పట్లు కొట్టారు.

కెంటా వెళ్ళి లాగాడు, మంచు దులిపాడు, మళ్ళీ మొనలు దగ్గరగా అని చూపించాడు. ఆ పూటంతా అదే. అన్నయ్య అరవడం, కూరుకుపోవడం, కెంటా లాగడం. కుర్రాడు ఒక్కసారి విసుక్కోలేదు. విసుక్కుంటాడేమోనని నేను ఒడ్డున నిలబడి ఆశగా చూశాను. నా కాళ్ళు కొంకర్లు పోయాయి తప్ప ఫలితం లేదు.

సాయంత్రం అన్నయ్య అసలు ప్రశ్న వేశాడు. "మంచు కరిగిపోతే ఏటి తింటాడో అడుగు."

కెంటా గ్లవ్సు తీసి ఫోనులో ఓ ఫొటో చూపించాడు. పచ్చటి వరిచేను, వెనక ఇదే కొండ. అన్నయ్య కూరుకుపోయిన చోటు వాళ్ళ మడే. వేసవంతా నీళ్ళు పెట్టి, నాటి, కోసి, మంచు పడ్డాక స్కీలు కట్టుకుంటాడట. అన్నయ్య చాలాసేపు ఆ ఫొటో చూశాడు. తర్వాత కిందికి వంగి అరచేత్తో మంచుని తోసి గట్టు ఎక్కడుందోనని వెతికాడు. నా గుండెలో రాయి పడింది.

ఆ రాత్రి జీడిపప్పు నములుతూ అన్నాడు. "గుంటడు బాగున్నాడే. భూమున్నాది, ఓపికున్నాది. నాకేటీ అభ్యంతరం లేదు."

"అప్పుడే?"

"మరింకేటి సూడాల? ఇక నీదే ఆలస్యం. కన్నదానివి. నువ్వు ఆళ్ళింటి తిండి తిన్న రోజే నానూ తింతాను."

ఆయన హాయిగా గురక పెట్టాడు. నా పథకం మొత్తం మంచులో కలిసింది. చెడ్డపేరు మోయడానికి తెచ్చుకున్న మనిషి ఆ బరువు నా మీదే పెట్టి నిద్రపోయాడు.

ముసుగు వెనకాల

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీనులో నా గిన్నెలో గుడ్లు రెండున్నాయి. టిక్కెట్టు ఒక గుడ్డుదే. తిరిగి ఇచ్చేద్దామని గిన్నెలు అందించే కిటికీ దగ్గరికి వెళ్ళాను. లోపల తెల్ల టోపీ, ముఖానికి మాస్కు కట్టుకున్న వంటావిడ టీ తాగడానికి మాస్కు కిందికి దించింది. మిచికో గారు! మధ్యాహ్నాలు ఆవిడ పనిచేసేది అక్కడేనట. వచ్చిన దగ్గర్నుంచీ మేం లొట్టలేసుకుంటూ తిన్నది ఆవిడ వంటే.

సుధ తల దించుకుంది. "ఆకలితో ఉంటారని సెప్పలేదమ్మా."

అన్నయ్య గిన్నె దూరంగా జరిపాడు. "తెలీక తిన్నది తప్పుకాదు. టిక్కెట్టు కొన్నాం కాబట్టి అది భోజనమూ కాదు. కానీ ఇక ఇక్కడ తినడానికి లేదు" అని తీర్పు చెప్పాడు. అప్పటికి సంచిలో మిగిలింది పగిలిన జంతికల పొడి.

ఆ రాత్రి సుధ వంటింట్లో మిచికో గారితో చాలాసేపు మాట్లాడింది. పొద్దున్న లేచి చూస్తే బల్ల మీద ఒక్క గిన్నె లేదు. టీ కెటిల్ మాత్రం ఉంది.

"అంతా సెప్పేశానమ్మా" అంది సుధ. "మీరు తింటే ఒప్పుకున్నట్టని సెప్పాను. ఇన్ని రోజులూ తన వంట మీకు రోతగా ఉందనుకుందట. ఏడ్సిందమ్మా."

ఆ ఖాళీ బల్ల చూస్తే నాకు సిగ్గేసింది. కంచాల నిండా వడ్డిస్తుంటే కాదనడం తేలికే, వడ్డించడం మానేస్తే కూర్చోవడమే కష్టం.

తాడు మీద ఇద్దరు తల్లులు

ఆ మధ్యాహ్నం ఎండ కాసింది. స్కీలు లేనివాళ్ళు కూడా కుర్చీలో కొండ మీదికి వెళ్ళి, చూసి, అదే కుర్చీలో దిగి రావచ్చు. మిచికో గారు నన్ను రమ్మని సైగ చేసింది. ఇద్దరు పట్టే కుర్చీ వెనకనుంచి వచ్చి మోకాళ్ళ దగ్గర తగలగానే కూలబడాలి. కూలబడ్డాం. కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి, కింద మంచు, పక్కన నాకు ఒక్క ముక్క భాష తెలియని మనిషి. నేను కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాను.

కింద మా తర్వాత ఎక్కాల్సింది అన్నయ్యా, సుధా. సుధ ఇంకా బూటు బిగించుకుంటోంది. ఈలోగా ఓ ఖాళీ కుర్చీ వచ్చేస్తోంది. మన బస్టాండులో ఏం చేస్తాం? కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుతాం. అన్నయ్య సరిగ్గా అదే చేశాడు. మెడలో తువ్వాలు తీసి ఆ కుర్చీ మీద వేసి, "సుధా, సీటున్నాది, నిమ్మదిగా రా" అన్నాడు.

కుర్చీ ఆగలేదు. తువ్వాలుతో సహా బయల్దేరింది. అన్నయ్య "ఆగాగాగు!" అంటూ స్కీలతోనే వెంటపడి కొస దొరకబుచ్చుకున్నాడు. కుర్చీ తువ్వాల్ని లాగింది, తువ్వాలు అన్నయ్యని లాగింది. నాలుగు బారలు ఈడ్చుకుపోయాక వెల్లకిలా పడ్డాడు. కుర్చీల్ని నడిపే గదిలో ఉన్న మనిషి బొత్తాం నొక్కాడు. మొత్తం తాడు ఆగిపోయింది. మేమిద్దరం ఆకాశంలో ఊగుతూ ఉండిపోయాం.

మెడ తిప్పి చూశాను. కెంటా పరిగెత్తుకొచ్చి అన్నయ్య స్కీలు విప్పి లేపాడు. ఒళ్ళంతా మంచు దులిపాడు. తువ్వాలు ఏరి, గట్టిగా విదిలించి, మడతపెట్టి అన్నయ్య భుజం మీద వేశాడు. సుధ కడుపు పట్టుకుని మంచులో కూలబడి నవ్వుతోంది. ఆ నవ్వు కొండంతా వినిపించింది. విజయనగరం హాస్టల్లో దిగబెట్టిన రోజు నుంచీ మా పిల్ల అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు. ఈ పిల్లని వెనక్కి తీసుకుపోయి నేనేం చేస్తాను? నా కళ్ళ ముందుంటుంది, అంతే కదా. ఇలా నవ్వుతుందా? ఆ మాట అనుకునేసరికి నాకు దుఃఖం వచ్చేసింది.

మిచికో గారు కూడా కిందికే చూస్తోంది. కాసేపటికి కోటు లోపల చెయ్యి పెట్టి ఓ చిన్న పొట్లం తీసింది. అన్నం ముద్ద, చుట్టూ నల్లటి సముద్రపు నాచు. వాళ్ళు ఒనిగిరి అంటారు. ఒంటి వేడికి ఇంకా గోరువెచ్చగా ఉంది. దాన్ని రెండు చేతుల్లో పెట్టి నా ముందు పట్టుకుంది. తినమనలేదు, నవ్వలేదు. ఆవిడకి అంతా తెలుసు. తెలిసే అడుగుతోంది.

ఆవిడకీ ఒక్కడే కొడుకు. నేను కాదంటే ముద్ద మళ్ళీ కోటులో పెట్టుకుంటుంది. అంతకుమించి ఏమీ అనదు.

కమ్మీ వదిలి చేతులు చాపాను. ఆకలికి తిన్నానని ఇంటికొచ్చాక చాలామంది అన్నారు. ఆకలి ఉంది, లేదనను. కానీ తెలిసే తిన్నాను. లోపల ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు తగిలింది. ఆ పులుపుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయని చెప్పుకోవడానికి వీలైంది. మిచికో గారు నా చెయ్యి పట్టుకుని అటువైపు తిరిగిపోయింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. కుదుపుతో తాడు మళ్ళీ కదిలింది.

కొండ మీద దిగి నిలబడ్డాం. వెనక కుర్చీలో అన్నయ్యా సుధా వచ్చారు. అన్నయ్య దిగీ దిగగానే నా మొహం కేసి చూశాడు.

"ఒలే, ఏటి నవుల్తన్నావే? మూతికి ఆ నలుపేటి?"

నేను మూతి తుడుచుకున్నాను.

"తినేసావేటి?"

"తినేశాను."

"ఓలమ్మో! ముందే సెప్పొచ్చు కదే, పొద్దున్నుంచీ కళ్ళు తిరిగిపోతన్నాయి!" అని మిచికో గారి ముందు దోసిలి పట్టాడు. ఆవిడ కోటులోంచి ఇంకో పొట్లం తీసింది. అన్నయ్య అక్కడే మంచులో కూర్చుని, నాచు ఊడదీయాలా వద్దా అని కూడా అడక్కుండా రెండు గుటకల్లో మింగేశాడు.

సుధ మాత్రం కదల్లేదు. నా చేతిలో ఇంకా సగం ముద్ద ఉంది. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. అడగడానికి భయపడుతూ అడిగింది.

"అమ్మా, అది ఎవరిచ్చారు?"

"మీ అత్తగారు" అన్నాను.